కంప్యూటర్ మైకు పలకనప్పుడు ముందు చూడాల్సింది సౌండ్ సెట్టింగ్స్‌లోని గీత కదులుతోందా లేదా

బోరు నీళ్ళు పొయ్యకపోతే మన చిత్తూరు వైపు ఏ రైతూ ముందుగా మోటారును పైకి లాగడు. మూడు ఫేజులూ వస్తున్నాయా, ఫ్యూజు పోయిందా, స్టార్టరు పడుతోందా, గేటు వాల్వు ఎవరైనా మూసేశారా అని ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తాడు. మోటారు లాగడం ఖర్చు పని, అది ఆఖర్న. కంప్యూటర్ మైకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలామంది ఈ వరసను తిరగేస్తున్నారు. అవతలివాళ్ళు ‘వినపడలా’ అన్నారో లేదో పోయి కొత్త హెడ్‌సెట్ కొనుక్కొస్తారు. అదీ పలకకపోతే విండోస్ ఫార్మాట్ కొట్టిస్తారు. ఫార్మాట్ తర్వాత మైకు ఇంకా మూగబోవచ్చు, ఎందుకంటే అప్పటిదాకా ఉన్న సరైన డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) కూడా అందులో పోతుంది.

తిరుపతిలో ఇప్పుడు ఈ మైకు మీద ఆధారపడిన పనులు చిన్నవి కావు. సంస్కృత విశ్వవిద్యాలయం, ఎస్వీ యూనివర్సిటీ, మహిళా విశ్వవిద్యాలయం పిల్లలకు ఉద్యోగాల ఇంటర్వ్యూలు లాప్‌టాప్‌లోనే జరుగుతున్నాయి. బ్యాంకు వీడియో కేవైసీలో పేరు అడిగితే నోటితో చెప్పాలి. ఇంట్లో కూర్చుని అమెరికా పిల్లలకు అన్నమయ్య కీర్తనలు నేర్పే సంగీతం టీచర్లు ఉన్నారు. ఇంటర్వ్యూకు పది నిమిషాల ముందు మైకు పోతే దుకాణానికి పరిగెత్తే టైము ఉండదు. అందుకే ఏది ముందు చూడాలో, ఏది వెనక చూడాలో తెలిసి ఉండాలి.

మీ మాట నోట్లోంచి బయల్దేరి మైకు, వైరు లేదా బ్లూటూత్, సాకెట్, సౌండ్ చిప్, డ్రైవర్, విండోస్ అనుమతి, ఆ తర్వాత జూమో మీటో వాట్సాపో, ఇన్ని గడపలు దాటితే గానీ అవతలివాళ్ళకు చేరదు. ఈ దారికి సరిగ్గా మధ్యలో చూసుకోవడానికి ఒక కిటికీ ఉంది. విండోస్ 11 అయితే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో సౌండ్ తెరవండి. కిందికి వస్తే ఇన్‌పుట్ అని ఉంటుంది. మీ మైకు పేరు పక్కన ఉన్న బాణం నొక్కి లోపలికి వెళ్ళండి. ఇన్‌పుట్ వాల్యూమ్ దగ్గర ఒక గీత కనిపిస్తుంది. మామూలు గొంతుతో ఒకటి నుంచి పది వరకు లెక్కపెట్టండి. మాటతో పాటు ఆ గీత ఊగుతోందా? అక్కడే ‘స్టార్ట్ టెస్ట్’ అనే బటన్ కూడా ఉంటుంది, మాట్లాడి ఆపితే ఎంత శాతం వచ్చిందో చెబుతుంది. తర్వాత విండోస్‌లోనే ఉండే సౌండ్ రికార్డర్‌లో పది సెకన్లు రికార్డు చేసి వినండి. విండోస్ 10లో దాని పేరు వాయిస్ రికార్డర్.

గీత ఊగి, రికార్డింగ్‌లో మీ గొంతు చక్కగా వినపడితే మైకూ బాగుంది, వైరూ బాగుంది, డ్రైవరూ బాగుంది. ఇక ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకండి. తప్పు ఇక్కడినుంచి ముందుకు, అనుమతుల్లోనో యాప్‌లోనో ఉంది. గీత అసలు కదలకపోతే తప్పు వెనకవైపు ఉంది. ఈ ఒక్క పరీక్షతో సగం పని తీరిపోతుంది.

గీత ఊగుతున్నా అవతల వినపడకపోతే ముందు యాప్ లోపల చూడండి. చాలాసార్లు యాప్ మీరు అనుకున్న మైకును కాకుండా ఇంకోదాన్ని పట్టుకుని ఉంటుంది. లాప్‌టాప్‌కు సొంత మైకు ఒకటి, వెబ్‌కామ్‌లో ఒకటి, బ్లూటూత్ హెడ్‌సెట్‌లో ఒకటి, కాలర్ మైకు రిసీవర్ గుచ్చితే అదొకటి, ఇలా నాలుగు పేర్లు జాబితాలో ఉంటాయి. మీరు హెడ్‌సెట్‌లో మాట్లాడుతుంటే యాప్ ఎక్కడో మూలన ఉన్న వెబ్‌కామ్‌ను వింటుంటుంది. జూమ్‌లో మైకు బొమ్మ పక్కనున్న చిన్న బాణం నొక్కితే ఈ జాబితా వస్తుంది. ‘సేమ్ యాజ్ సిస్టమ్’ అని వదిలేయకుండా మీ మైకు పేరునే ఎంచుకోండి. గూగుల్ మీట్‌లో మూడు చుక్కలు, సెట్టింగ్స్, ఆడియో అని వెళితే అక్కడ ఉంటుంది.

తర్వాత విండోస్ అనుమతి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో మైక్రోఫోన్. ఇక్కడ ఒక స్విచ్ కాదు, మూడు చూడాలి. పైన మొత్తానికి ఒకటి, దాని కింద యాప్‌లకు ఒకటి, ఆ యాప్‌ల జాబితా అంతా దాటి అట్టడుగున ‘లెట్ డెస్క్‌టాప్ యాప్స్ యాక్సెస్ యువర్ మైక్రోఫోన్’ అని ఇంకొకటి. మన పని ఎక్కువగా ఆపేది ఆ చివరిదే. జూమ్, క్రోమ్ లాంటివన్నీ దాని కిందికే వస్తాయి. పై రెండూ ఆన్‌లో ఉన్నాయి కదా అని వెనక్కి వచ్చేస్తే అది కనపడనే కనపడదు.

బ్రౌజర్‌లో అయితే ఇంకో తలుపు ఉంది. మొదటిసారి సైటు ‘మైకు వాడుకోమంటారా’ అని అడిగినప్పుడు తొందరలో బ్లాక్ నొక్కి ఉంటే, ఆ సైటు మళ్ళీ అడగదు. అడ్రస్ రాసే చోట ఎడమ పక్కనున్న గుర్తు నొక్కి మైక్రోఫోన్‌ను అలౌ చేసి, పేజీని మళ్ళీ లోడ్ చేయాలి. మళ్ళీ లోడ్ చేయకపోతే మార్పు పట్టదు. ఆఫీసు లోపలి వెబ్‌సైటు ఏదైనా హెచ్‌టీటీపీఎస్ అనే భద్రమైన కనెక్షన్ లేకుండా మామూలు హెచ్‌టీటీపీతో తెరుచుకుంటుంటే క్రోమ్ దానికి మైకు ఇవ్వనే ఇవ్వదు. అది భద్రత కోసం పెట్టిన నియమం. మీ కంప్యూటర్‌లో దాని కోసం వెతికి ప్రయోజనం లేదు, సైటు నడిపేవాళ్ళకు చెప్పాలి.

ఒక యాప్‌లో పలికి ఇంకో యాప్‌లో పలకకపోతే రెండూ ఒకేసారి తెరిచి ఉన్నాయేమో చూడండి. సౌండ్ పేజీ అడుగున ‘మోర్ సౌండ్ సెట్టింగ్స్’ నొక్కి, రికార్డింగ్ ట్యాబ్‌లో మీ మైకు మీద రెండుసార్లు క్లిక్ చేసి, అడ్వాన్స్‌డ్‌కు వెళ్ళండి. యాప్‌లు ఈ పరికరాన్ని పూర్తిగా తమ చేతిలోకి తీసుకోవచ్చు అనే అర్థంతో ఒక టిక్ ఉంటుంది. దాన్ని తీసేస్తే ఒక యాప్ మైకును బిగపట్టి ఇంకోదానికి ఇవ్వకపోవడం ఆగుతుంది. ఇక్కడే శాంపిల్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తుందో) కూడా ఉంటుంది, 16 బిట్, 48000 హెర్ట్జ్ పెట్టుకుంటే సరిపోతుంది. కొన్ని యాంటీవైరస్‌లు కూడా కెమెరా, మైకు కాపలా పేరుతో యాప్‌లను అడ్డుకుంటాయి, ఆ జాబితా ఒకసారి తెరిచి చూడండి.

ఇప్పుడు అసలు చిక్కు, గీత కదలకపోవడం.

లాప్‌టాప్ అయితే కీబోర్డు చూడండి. మైకు మీద అడ్డగీత ఉన్న బొమ్మ ఏదో ఒక కీ మీద ఉండొచ్చు. థింక్‌ప్యాడ్‌లలో అది ఎఫ్4. చాలావాటిలో దానికి చిన్న లైటు వెలుగుతుంది, లైటు వెలిగితే మైకు మూసినట్టు. పిల్లలు కీబోర్డు తడిమినప్పుడు నొక్కుకుపోయే కీ ఇదే. హెడ్‌సెట్ వైరు మీద కూడా చిన్న మ్యూట్ స్విచ్ ఉంటుంది, చొక్కా గుండీకి తగిలి జరిగిపోతుంది.

ఆ తర్వాత మైకు రంధ్రం. లాప్‌టాప్‌లో మైకు రంధ్రాలు ఎక్కువగా కెమెరాకు అటూ ఇటూ సూది మొనంత సన్నగా ఉంటాయి. కెమెరా కనపడకూడదని అతికించే స్టిక్కరు, జరిపే ప్లాస్టిక్ మూత, తెరకు వేసే స్క్రీన్ గార్డు వీటిని కప్పేస్తాయి. అప్పుడు గీత ఊగుతుంది గానీ చాలా బలహీనంగా, గొంతు దుప్పట్లోంచి మాట్లాడినట్టు వస్తుంది. దుమ్ము పట్టినా అంతే. మెత్తని పాత టూత్‌బ్రష్ పొడిగా పెట్టి పైపైన తుడవండి. పిన్నీసు, సూది గుచ్చవద్దు. లోపలున్న మైకు బియ్యపు గింజంత చిప్, దాని పొర సూది తగిలితే చిరుగుతుంది, మళ్ళీ అతకదు. గాలి కొట్టే బ్లోయరు కూడా దాని మీదికి నేరుగా కొట్టవద్దు.

వైరు హెడ్‌సెట్ అయితే పిన్ను చేతిలోకి తీసుకుని నల్ల గీతలు లెక్కపెట్టండి. ఈ చిన్న పని చేయక ఎంతమంది డబ్బు పోగొట్టుకుంటున్నారో తలుచుకుంటే బాధేస్తుంది. 3.5 మిల్లీమీటర్ల పిన్ను మీద రెండు గీతలుంటే దానికి మూడు భాగాలు, మూడు గీతలుంటే నాలుగు భాగాలు. ఫోనుకు వచ్చే హెడ్‌సెట్ నాలుగు భాగాలది. కొస ఎడమ చెవికి, రెండోది కుడి చెవికి, మూడోది గ్రౌండ్, మొదట్లో ఉన్న నాలుగోది మైకుకు. ఇప్పటి లాప్‌టాప్‌లలో ఉండే ఒకే ఒక్క రంధ్రం ఈ పిన్ను కోసమే, అందులో నేరుగా పని చేస్తుంది. డెస్క్‌టాప్ వెనక మాత్రం ఆకుపచ్చ రంధ్రం స్పీకరుకు, గులాబీ రంగుది మైకుకు, నీలం రంగుది బయటి పరికరాల నుంచి వచ్చే సౌండుకు. ఫోను హెడ్‌సెట్‌ను తెచ్చి గులాబీ రంధ్రంలో గుచ్చితే, కంప్యూటర్ మైకు కోసం వెతికే చోట, అంటే కొసన, ఎడమ చెవి స్పీకరు తగులుతుంది. స్పీకరు కూడా కాస్త మైకులా పని చేస్తుంది కాబట్టి ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు సన్నగా వినపడుతుంది. దాన్ని విని ‘మైకు వీకైంది’ అనుకుంటారు. మైకు అసలు తగలనే లేదు.

దీనికి కావాల్సింది ఒక స్ప్లిటర్. అడిగేటప్పుడు మాత్రం దిక్కు సరిగ్గా చెప్పాలి, ఎందుకంటే రెండు రకాలూ చూడటానికి ఒకేలా ఉంటాయి. ఫోను హెడ్‌సెట్‌ను డెస్క్‌టాప్‌కు పెట్టాలంటే ఒక రంధ్రం, రెండు పిన్నులు ఉన్నది కావాలి. రెండు పిన్నుల పాత కంప్యూటర్ హెడ్‌సెట్‌ను లాప్‌టాప్‌కు పెట్టాలంటే రెండు రంధ్రాలు, నాలుగు భాగాల ఒక పిన్ను ఉన్నది. ఇద్దరు పాటలు వినడానికి అమ్మే స్ప్లిటరు ఇంకో రకం, దాంట్లో మైకు దారే లేదు. హెడ్‌సెట్‌ను చేత్తో పట్టుకుపోయి, కొనకముందే గుచ్చి, మాట్లాడి చూపించమనండి.

డెస్క్‌టాప్ ముందువైపు రంధ్రంలో పలకకుండా వెనకవైపు పలికితే మైకు తప్పు కాదు. క్యాబినెట్ ముందు రంధ్రాల నుంచి వచ్చే సన్నని కేబులు మదర్‌బోర్డు మీద ఎఫ్ ఆడియో లేదా జేఆడ్ అని రాసి ఉన్న తొమ్మిది పిన్నుల చోట గుచ్చాలి. క్యాబినెట్ విప్పి దుమ్ము దులిపినప్పుడు ఊడిపోతుంది, లేదా బిగించినవాళ్ళు మొదటినుంచే గుచ్చరు. పవర్ ఆపి, ప్లగ్ పీకి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి.

ఏది చెడిందో తేలకపోతే మార్పిడి పరీక్ష చేయండి. ఆ హెడ్‌సెట్‌నే ఫోనులో పెట్టి రికార్డు చేయండి. ఫోనులో పలికితే హెడ్‌సెట్ మంచిదే. పలుకుతూ ఆగుతూ ఉంటే పిన్ను మొదట్లో వైరును వేళ్ళతో అటూ ఇటూ వంచుతూ మాట్లాడండి. గరగర వచ్చినా, ఉన్నట్టుండి పలికినా వైరు లోపల తెగింది. బాగా రిపేరు చేసేవాళ్ళు పిన్ను కోసేసి కొత్తది సోల్డర్ చేయగలరు, మంచి హెడ్‌సెట్ అయితే చేయించడమే మేలు.

మైకు పేరే జాబితాలో లేకపోతే కథ వేరు. రికార్డింగ్ ట్యాబ్‌లో ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి ‘షో డిజేబుల్డ్ డివైజెస్’ టిక్ పెట్టండి. బూడిదరంగులో కనపడితే దాని మీద రైట్ క్లిక్ చేసి ఎనేబుల్ చేయండి. అక్కడా లేకపోతే డివైజ్ మేనేజర్ తెరిచి ‘ఆడియో ఇన్‌పుట్స్ అండ్ అవుట్‌పుట్స్’ కింద చూడండి. పసుపు త్రికోణం ఉంటే డ్రైవర్ సంగతి. చాలామంది పొరబడేది ఇక్కడే. ఈ మధ్య లాప్‌టాప్‌లు చాలావాటిలో లోపలి మైకు రియల్‌టెక్ (సౌండ్ చిప్ కంపెనీ) డ్రైవర్ ఒక్కదానితో నడవదు. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న అలాంటివాటిలో ఇంటెల్ స్మార్ట్ సౌండ్ టెక్నాలజీ అనే డ్రైవర్ కూడా ఉంటేనే మైక్రోఫోన్ యారే అనే పేరు కనపడుతుంది. ఏఎండీవి అయితే వాటి ఆడియో డ్రైవర్ వేరే. ఫార్మాట్ కొట్టాక ఒక్కోసారి స్పీకరు మోగుతుంది, మైకు మాత్రం మాయమవుతుంది. కారణం ఇదే. లాప్‌టాప్ అడుగున ఉన్న సీరియల్ నంబరు లేదా సర్వీస్ ట్యాగు తయారీదారు సొంత సైటులో కొట్టి, ఆ మోడల్‌కు ఉన్న ఆడియో, చిప్‌సెట్ డ్రైవర్లు రెండూ వేసుకోండి. అన్ని డ్రైవర్లూ ఒక్క క్లిక్‌తో వేస్తామనే సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దు. అప్‌డేట్ తర్వాతే పోయి ఉంటే డ్రైవర్ ప్రాపర్టీస్‌లో పాత డ్రైవర్‌కు వెనక్కి వెళ్ళే ‘రోల్ బ్యాక్’ ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొన్నవాళ్ళకు, కొనబోయేవాళ్ళకు ఇంకో మాట. పెద్ద ఆఫీసుల నుంచి వచ్చే పాత థింక్‌ప్యాడ్‌లు, డెల్ లాటిట్యూడ్‌లలో మైకును బయోస్‌లోనే (విండోస్ కన్నా ముందు నడిచే లాప్‌టాప్ సొంత సెట్టింగ్స్‌లో) ఆపేసి ఉండొచ్చు. అలా ఆపితే విండోస్‌కు మైకు ఉన్నట్టే తెలియదు, ఎన్ని డ్రైవర్లు వేసినా రాదు. ఆన్ చేసిన వెంటనే డెల్‌లో ఎఫ్2, థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1 నొక్కుతూ ఉంటే బయోస్ వస్తుంది. డెల్‌లో ఆడియో కింద ‘ఎనేబుల్ మైక్రోఫోన్’, థింక్‌ప్యాడ్‌లో సెక్యూరిటీ కింద ‘ఐ/ఓ పోర్ట్ యాక్సెస్’లో మైక్రోఫోన్ చూడండి. బయోస్‌కు పాస్‌వర్డు ఉండి అమ్మినవాళ్ళకే తెలియకపోతే ఆ లాప్‌టాప్ కొనకపోవడమే మంచిది.

పలుకుతోంది గానీ సన్నగా ఉందంటే, అదే రికార్డింగ్ ట్యాబ్‌లో మైకు లెవెల్స్‌కు వెళ్ళండి. పై గీత 80 నుంచి 100 వరకు పెట్టి, కింద మైక్రోఫోన్ బూస్ట్ ఉంటే ముందు 10 డెసిబెల్స్, చాలకపోతే 20 పెట్టండి. 30కి పోతే మీ గొంతుతో పాటు ఫ్యాను, వీధిలో ఆటోలు, పక్కింటి మిక్సీ అన్నీ పెరిగి వస్తాయి. బూస్ట్ పెంచేకన్నా మైకును నోటికి దగ్గర చేయడం ఎప్పుడూ మెరుగు, నోటికి నేరుగా కాకుండా పెదవి మూలకు రెండు వేళ్ళ దూరంలో. నేరుగా పెడితే ప, బ, భ అక్షరాలకు ఊపిరి తగిలి టప్పుమంటుంది. ఎండాకాలంలో ఫ్యాను ఆపి కూర్చోవడం మన ఊళ్ళో జరిగే పని కాదు కాబట్టి ఫ్యాను గాలి మైకుకు నేరుగా తగలని మూల చూసుకోండి.

ఎవరూ మాట్లాడకుండానే గీత ఊగుతూ, రికార్డింగ్‌లో ‘గుయ్’మని ఒకే శ్రుతిలో మోత వస్తుంటే మైకును తిట్టకండి, చార్జరు పీకండి. బ్యాటరీ మీద మోత పోయిందంటే అది కరెంటు దారిలో వస్తోంది. మన కరెంటు 50 హెర్ట్జ్, ఎర్తింగ్ సరిగా లేనప్పుడు ఆ మోతే మైకు వైరులోకి ఎక్కుతుంది. లాప్‌టాప్ ఇనుప ఒంటి మీద చెయ్యి పెడితే సన్నగా జిల్లుమంటున్నా అదే గుర్తు. ముందు మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల కన్వర్టర్‌లో పెట్టారేమో చూసి తీసేయండి, దాంతో ఎర్తు తెగిపోతుంది. మన నేల రాతి నేల, ఎండాకాలం బాగా ఎండిపోతుంది. నేల ఎండితే ఎర్తు గుంత సరిగా పట్టదు. ఇంటి ఎర్తు గుంతలో అప్పుడప్పుడు బిందెడు నీళ్ళు పోయడం పెద్దవాళ్ళు ఊరికే చేసేవాళ్ళు కాదు. అయినా మోత పోకపోతే ఎలక్ట్రీషియన్‌తో ఎర్తు కొలిపించండి, ఇది మైకు సమస్య దాటి మనిషి ప్రాణానికి సంబంధించిన విషయం. ఇంటర్వ్యూ మాత్రం ఆ రోజుకు నిండా చార్జ్ చేసుకుని బ్యాటరీ మీద కానివ్వండి.

బ్లూటూత్ హెడ్‌సెట్‌లో మైకు ఆన్ కాగానే పాట నాణ్యత పడిపోయి పాత ల్యాండ్‌లైన్‌లా వినపడటం చెడిపోవడం కాదు. పాటలకు వాడే పద్ధతిలో శబ్దం ఒకవైపే వెళుతుంది, దాంట్లో మైకుకు చోటు లేదు. మైకు కావాలంటే హ్యాండ్స్ ఫ్రీ పద్ధతికి మారాలి, దాంట్లో శబ్దం మామూలుగా 8 లేదా 16 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటుకు తగ్గిపోతుంది. వినడానికి బ్లూటూత్, మాట్లాడటానికి లాప్‌టాప్ సొంత మైకు అని యాప్‌లో విడివిడిగా ఎంచుకుంటే చిక్కు విడిపోతుంది. హెడ్‌సెట్ అదే సమయంలో జేబులోని ఫోనుకు కూడా కలిసి ఉంటే మైకు అటు పోతుంది, ఫోనులో బ్లూటూత్ ఆపండి.

సంగీతం టీచర్లకు ఇది విడిగా చెప్పాలి. తంబుర, వీణ, మృదంగం జూమ్‌లో తెగిపోతూ, మునిగిపోతూ వినపడితే మైకుకు ఏ జబ్బూ లేదు. ఒకే శ్రుతిలో ఆగకుండా మోగే తంబుర నాదాన్ని జూమ్ ఫ్యాను మోత అనుకుని చెరిపేస్తోంది. దాన్ని తయారు చేసింది మాటల కోసం. జూమ్ సెట్టింగ్స్‌లో ఆడియోకు వెళ్ళి ‘ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్’ ఎంచుకుని, కింద హై ఫిడెలిటీ మ్యూజిక్ మోడ్ టిక్ పెట్టండి. ఎకో క్యాన్సిలేషన్ తీసేస్తే ఇంకా స్వచ్ఛంగా వస్తుంది గానీ అప్పుడు ఇద్దరూ చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకోవాలి, లేకపోతే శిష్యురాలి గొంతు మీ స్పీకరులోంచి మళ్ళీ ఆమెకే చేరుతుంది. తర్వాత మీటింగ్ తెరిచాక పైన ఒరిజినల్ సౌండ్ బటన్ ఆన్‌లో ఉందా అని ప్రతిసారీ చూసుకోండి. గూగుల్ మీట్‌లో అయితే ఆడియో సెట్టింగ్స్‌లో నాయిస్ క్యాన్సిలేషన్ తీసేయాలి. ఇక గమకాలు తెగిపోతూ గొంతు మరబొమ్మలా వస్తోందంటే ముందు సౌండ్ రికార్డర్‌లో రికార్డు చేసి వినండి, అక్కడ బాగుంటే అది ఇంటర్నెట్ తప్పు.

భజన మందిరంలో వాడే పెద్ద మైకును కన్వర్టర్ పెట్టి కంప్యూటర్‌కు గుచ్చితే సరిగా పలకదు. ఆ డైనమిక్ మైకు ఇచ్చే సిగ్నల్ చాలా చిన్నది, కంప్యూటర్ రంధ్రం దాన్ని పెంచేసరికి బుస్సుమనే మోతే ఎక్కువ వస్తుంది. స్టూడియో కండెన్సర్ మైకులకైతే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు వైరులోంచే పంపే కరెంటు) కావాలి, అది కంప్యూటర్ ఇవ్వదు. ఈ రెండు రకాలకూ కంప్యూటర్‌కూ మధ్యలో యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకు సిగ్నల్‌ను పెంచి కంప్యూటర్‌కు పంపే పెట్టె) ఉండాల్సిందే.

ఇవన్నీ చూశాక కూడా గీత కదలకపోతే, అప్పుడు సాకెటో సౌండ్ చిప్పో పోయిందనుకోవచ్చు. అప్పుడైనా మదర్‌బోర్డు మార్చమనేవాళ్ళ మాట వెంటనే వినకండి. పెన్‌డ్రైవ్ అంత ఉండే యూఎస్‌బీ సౌండ్ కార్డు కొన్ని వందల రూపాయలకే వస్తుంది. దాన్ని గుచ్చితే పాత సాకెట్, పాత చిప్ రెండిటినీ పక్కన పెట్టేసి తన సొంత చిప్‌తో పని చేస్తుంది, విండోస్‌లో డ్రైవర్ దానంతటదే పడుతుంది. కొనేటప్పుడు మైకుకు, హెడ్‌ఫోన్‌కు వేరువేరుగా రెండు రంధ్రాలున్నాయా, నాలుగు భాగాల పిన్ను కోసం ఒకటే ఉందా అని మీ హెడ్‌సెట్ పిన్ను పక్కన పెట్టి చూసుకోండి. గుచ్చాక సౌండ్ పేజీలో ఇన్‌పుట్‌గా దాన్నే ఎంచుకుని, ఒకటి నుంచి పది వరకు లెక్కపెట్టి గీత చూడండి.